పండు ఈగ – రాలిన కాయ



మామిడిపండు కోసేసరికి లోపల తెల్లటి పురుగులు కనబడితే, "కాయలోనే పుట్టిందమ్మా" అనేసి పెంట మీదికి విసిరేస్తాం. పురుగు దానంతటది పుట్టదు. కాయ ముదిరి పండుదశకొచ్చే వేళకి పండు ఈగ తొక్కకు సూదిమొనంత కన్నం చేసి గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు గుజ్జు తినేస్తుంటాయి. పైకి చిన్న మచ్చ తప్ప ఏమీ తెలీదు.

ఈ దెబ్బ అన్ని రకాలకీ ఒకేలా ఉండదు. మన విజయనగరం, శ్రీకాకుళం వైపు పేరుపడ్డ సువర్ణరేఖ ముందుగా కోతకొస్తుంది. ఈగలు బాగా పెరిగేలోగా చాలావరకు తోట దాటిపోతుంది. తర్వాతొచ్చే బంగినపల్లికి కొంత బెడద. తొలకరి పడ్డాక కూడా చెట్టునుండే నీలం వంటి రకాలకు మరీ ఎక్కువ. ఊరగాయకని పచ్చిగా కోసే కాయకు భయం తక్కువ.

అయితే ముందు రకం తప్పించుకుంది కదా అని ఊరుకోకూడదు. పుచ్చుకాయ రాలగానే అందులోని పురుగు మట్టిలోకి దిగి గూడు కడుతుంది. ఇంచుమించు పది రోజుల్లో ఈగై లేచి వెనక రకం మీద పడుతుంది. తోట గుత్తకిచ్చేశాం, మనకేమిటి అనుకుంటారు కొందరు. కోత అవగానే గుత్తదారు వెళ్లిపోతాడు. ఈగ మాత్రం మన మట్టిలోనే ఉంటుంది!

మందు కొడదామంటే, గుజ్జులో దాగిన పురుగుకి అది అందదు. తొక్కకంటిన విషం పిల్లల నోట్లోకి పోతుంది. అందుకని రాలిన కాయలు ఏ రోజువి ఆ రోజే ఏరించండి. రెండడుగుల లోతు గొయ్యిలో వేసి మట్టి కప్పేయండి. కాయ ముదరకముందే మిథైల్ యూజినాల్ ఎర బుట్టలు కట్టించండి. మన తులసిలో ఉండే వాసన పదార్థమే అది. దానికి మగ ఈగలే వస్తాయి కాబట్టి, బుట్ట కట్టాం కదా అని కాయలేరడం మానకండి.

ఇదేం చిన్న సంగతి కాదు. మన దేశపు సరుకులో పండు ఈగలున్నాయని 2014 మే నుంచి ఐరోపా దేశాలు మన మామిడిని వద్దన్నాయి. మళ్లీ ఒప్పుకున్నది 2015 జనవరిలో. ఒక్క ఇల్లు శుభ్రంగా ఉంటే చాలదు. పక్కింటి పెరట్లో లేచిన ఈగకి మన దడి అడ్డం కాదు. ఈ మాట ఇరుగుపొరుగు వాళ్లకీ చెప్పండి.