ఎరువు బలము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



కథ చెప్పెదరని విన్న పిల్లవాడు ఆట మాని వచ్చును. పెద్దవాడు పని మాని వచ్చును. కనుక ఈ పండుగనాడు ఒక కథనే విచారించుట తగును. అయితే ఇది పురాణ కథ కాదు. అమెరికా దేశమున పుట్టిన బొమ్మల కథ. అచ్చట అట్టి పుస్తకములను కామిక్కు లందురు. గళ్లుగళ్లుగా గీసిన బొమ్మలును, వానిలో వ్రాసిన పాత్రల మాటలును కలిసి కథను నడుపును. 1938 వ సంవత్సరమున సూపర్‌మన్ అను వీరుడు అందు వెలసినది మొదలు ఇట్టి వీరులు వందలకొలది పుట్టిరి. ఇచ్చటి పిల్లలును సినిమాలలో, సెల్‌ఫోనులలో వారిని చూచుచునే యున్నారు. పిల్లల బొమ్మలతో పెద్దల కేమి పని యని కొందరు తలపవచ్చును. కాని ఇప్పుడు చెప్పబోవు కథ, అప్పుపత్రము చదువనేర్చిన ప్రతివానికిని పనికివచ్చునది.

ఈ వీరులకు బలము వచ్చు దారులు పలువిధములు. సూపర్‌మన్ బలము పుట్టుకతో వచ్చినది. 1963 లో వెలువడిన ఐరన్‌మాన్ అనువాడు పుట్టుకచే సామాన్యుడు. తన బుద్ధితో, తన చేతులతో ఇనుపకవచము నిర్మించుకొని బలవంతుడైనాడు. 1959 లో కనబడిన హాల్ జోర్డన్ అను విమానచోదకునిది వేరొక దారి. మరణించుచున్న అన్యలోకవాసి యొకడు అతనికి ఆకుపచ్చని ఉంగరము నప్పగించెను. ఆ ఉంగరమునకు ఇరువదినాలుగు గంటల కొకమారు ఒక దీపము నుండి శక్తి నింపుకొనవలెను. పసుపువన్నె వస్తువుపై అది పనిచేయదు. ఎరువు సొమ్మే యైనను షరతు లన్నియు ముందుగనే తెలిసిన ఎరువు అది. తీసికొన్నవాడు లెక్క తెలిసి నడుచుకొనవచ్చును.

షరతు చెప్పని ఎరువు ఎట్టిదో చూపు కథ మరియొకటి కలదు. డీసీ అను ప్రచురణ సంస్థవారు 2006 మే నెల మొదలు 2007 మే నెల వరకు, వారమున కొక సంచిక చొప్పున, '52' అను పేర ఏబదిరెండు సంచికలు ప్రకటించిరి. జెఫ్ జాన్స్, గ్రాంట్ మారిసన్, గ్రెగ్ రకా, మార్క్ వెయిడ్ అను నలుగురు కూడి దానిని రచించిరి. సంచిక వారమున కొకటి వచ్చినట్లే కథయు వారమువారముగా నడచును. ఆ యేడాది సూపర్‌మన్ మొదలగు మహావీరులు ముగ్గురు ప్రజల కంట బడక తొలగియుందురు. కాపువాడు లేని చేనిలో ఎవడు దిగునో చెప్పవలెనా? సూపర్‌మన్‌కు చిరకాల శత్రువగు లెక్స్ లూథర్ అను కోటీశ్వరుడు దిగెను.

అతడు కత్తి చూపి బెదరింపలేదు. దాత వేషము ధరించెను. మానవ శరీరమునకు కృత్రిమముగా ఒక జన్యువును జోడించి, సామాన్యునికి సైతము అద్భుతశక్తి కలిగింపగల చికిత్సను సిద్ధపరచితి ననియు, కోరినవారెల్లరు రావచ్చు ననియు చాటించెను. బలము పెద్దల సొత్తేల, ప్రతి మనిషియు వీరుడేల కాగూడదు అని అతని ప్రశ్న. ఎంత తీయని ప్రశ్న! పేదవాని గుండెకు నేరుగా తగులు ప్రశ్న! జనులు బారులు తీరిరి. ఎగిరిపోవువారు, వేగముగ పరుగెత్తువారు, రూపము మార్చువారు బయలుదేరిరి. వారిలో కొందరిని ఏరి లూథర్ ఒక దండుగా కూర్చెను. దానికి ఇన్ఫినిటీ ఇన్‌కార్పొరేటెడ్ అని పేరుపెట్టెను. ఆ పేరైన సొంతమా? అదియు కాదు. అంతకుముందే ఆ పేరుగల వీరుల దండొకటి ఉండెడిది. ఆ పేరుపై హక్కును లూథర్ సొమ్మిచ్చి కొనెను. బలము ఎరువు, పేరు కొనుగోలు. దండులోని పిల్లల సొంతమన వారి ప్రాణములు మాత్రమే.

ఆ దండులో నతాషా ఐరన్స్ అను కన్య యొకతె చేరెను. ఆమె పినతండ్రి జాన్ హెన్రీ ఐరన్స్. స్టీల్ అను పేర ప్రసిద్ధుడైన వీరుడు. లూయీస్ సైమన్‌సన్, జాన్ బాగ్డనోవ్ అను వారు 1993 లో ఇతనిని సృష్టించిరి. అమెరికా జానపదులు పాడుకొను జాన్ హెన్రీ యను కూలివాని పేరే ఇతనికి పెట్టిరి. ఆ కూలివాడు రైలుదారి సొరంగమున సుత్తి చేతబట్టి ఆవిరియంత్రముతో పోటీపడి గెలిచి, ఆ శ్రమకే ప్రాణము విడిచెనని గాథ. ఆ పేరు ధరించిన స్టీల్ చేతను సుత్తియే ఆయుధము. పూర్వము ఆయుధముల రూపకల్పన చేయు ఇంజనీరు. తన బుద్ధి నుండి పుట్టిన ఆయుధములు నిర్దోషులను చంపుట కనుగొని, ఆ కొలువు వదలి, కట్టడపు పనిలో కూలివాడైనవాడు. పిమ్మట తన కవచమును తానే చేసికొనెను. తన చేతిపని ఫలమునకు తానే బాధ్యుడనని యెరిగిన మనిషి యగుటచే, నతాషా కవచము విషయమున కఠినుడాయెను. ఆమె ధరించుచుండిన కవచమును ఊడదీసి, కావలెనన్న నీ చేతులతో నీవే చేసికొను మనెను.

యౌవనమున ఈ మాట చేదుమందు. నతాషా అలిగి, లూథర్ గడప నెక్కెను. పినతండ్రి యేండ్లు పట్టునన్నది లూథర్ చికిత్సలో త్వరగనే లభించెను. ఆకాశమున ఎగురుచు, చేతుల నుండి కాంతి వెదజల్లుచు, జనుల జేజేలందు కొనసాగెను. ఒకరిది దురాశ యని, ఒకరిది చాదస్తమని తీర్పు చెప్పుట సులభము. కాని త్రోవ దగ్గరగా కనబడినప్పుడు చుట్టుదారిన పోవువా రెందరు?

ఇక ఆ ఎరువులోని గుట్టు వినుడు. లూథర్ ఇచ్చిన శక్తికి స్విచ్చి లూథర్ చేతనే యుండెను. తలచినప్పుడు ఎవరి శక్తినైనను ఆర్పివేయగలడు. ఈ మాట పుచ్చుకొన్నవారికి చెప్పబడలేదు. దండులో ఎలైజా హార్మన్ అను బాలిక మహావేగముగ పరుగెత్తునది. బ్లాక్‌బస్టర్ అను భీకరునితో పోరు సాగుచుండగా లూథర్ ఆమె వేగము నార్పెను. పరుగే రక్షయైన పిల్ల, పరుగు నిలిచినచోటనే హతురాలయ్యెను. అది మొదటి హెచ్చరిక. దానిని చదివినవారు లేకపోయిరి. తరువాత నూతన సంవత్సరపు ముందురాత్రి వచ్చెను. శక్తి పొందిన జనులు పండుగ సంబరమున ఆకాశమునకెగిరి విహరించుచుండిరి. గడియారము పండ్రెండు కొట్టెను. లూథర్ తన దండును మాత్రము మినహాయించి, తక్కినవారందరి శక్తిని ఒక్కమారుగా ఆర్పెను. జనులు వడగండ్లవలె నేలరాలిరి. దండులోని పిల్లలు చేతనైనంత పట్టుకొనజూచిరి, ఎందరిని పట్టగలరు? ఎగురుట నేర్చినవారైన దిగుటయు నేర్చియుందురు. వారు నేర్వలేదు, ఎత్తబడిరి. ఎత్తిన చేయి తీసివేయగా పడిరి.

భారతము చదివిన పెద్దలకు ఇచ్చట కర్ణుడు తలపునకు రాక మానడు. బ్రాహ్మణుడనని బొంకి పరశురాముని యొద్ద అస్త్రము గ్రహించెను. నిజము బయల్పడగా, అక్కరపడిన వేళ అది మరపునకు వచ్చునని గురువు శపించెను. రణమున అట్లే జరిగెను. కాని ఒక భేదము కలదు. కర్ణకథయందు బొంకినవాడు పుచ్చుకొన్నవాడు. లూథర్ కథయందు బొంకినవాడు ఇచ్చినవాడు. తిక్కనగారి మౌసలపర్వమున అర్జునుని దురవస్థయు చూడుడు. ఖాండవదహనవేళ అగ్నిద్వారా వరుణుని నుండి వచ్చిన గాండీవము, కృష్ణనిర్యాణానంతరము దారిదోపరుల యెదుట కొరగాకపోయెను. పిదప అగ్నిదేవుడు వచ్చి అడుగగా అర్జునుడు దానిని నీటిలో విడిచి వరుణునికి అప్పగించెను. ఎరువు సొమ్ము ఎంతకాలమున్నను ఎరువు సొమ్మే. గౌరవముగా తిరిగి యీయగలిగినవాడు ధన్యుడు. నడియాకాశమున లాగుకొనబడినవాడు నష్టజాతకుడు.

నతాషా కథ అంతటితో ముగియలేదు. ఆ రాత్రి తరువాత ఆమె లూథర్ పరివారమునందే యుండి గుట్టు వెదక మొదలిడి పట్టుబడెను. పినతండ్రి అలుక తలచక వచ్చెను. అప్పటికి లూథర్ తన చికిత్సను తానును పొంది మహాబలుడై యుండెను. స్టీల్ అతనితో పోరి దెబ్బతినెను. అంతట నతాషా పినతండ్రి సుత్తిని చేతబట్టి, దాని నుండి విద్యుదయస్కాంత ప్రకంపన మొకటి వెలువరించెను. లూథర్ బలము క్షణకాలము ఆరిపోయెను. ఆ క్షణమున స్టీల్ అతనిని నేల గూల్చెను. ఆమెను కాపాడినది కానుకగా వచ్చిన కాంతి కాదు. ఇంటిలో చేసిన సుత్తి. పరుల శక్తి నార్పుటకు స్విచ్చి పట్టినవాడు, తన శక్తికిని అట్టిదే ఒకటి కలదని మరచెను.

ఎరువు పుచ్చుకొనుట పాపమా? కాదు. విత్తనము ఎరువు తెచ్చి పంట పండించినవా డున్నాడు. ఐరన్‌మాన్ సయితము ముందువారి శాస్త్రమును ఎరువు తెచ్చుకొన్నవాడే. ప్రశ్న యొక్కటే: ఇచ్చినవాడు తిరిగి పుచ్చుకొన్న పిమ్మట, పుచ్చుకొన్నవానియొద్ద మిగులున దేమి? లూథర్ ఎరువు తీసివేయగా మిగిలినది శవము. పినతండ్రి కవచము తీసివేయగా మిగిలినది, చేసికొనవలెనన్న పట్టుదల. మొదటివాడు వస్తువు నిచ్చి విద్యను దాచెను. రెండవవాడు వస్తువును తీసికొని విద్యను చూపెను. అది యిచ్చునప్పుడు మొదటివాడు దాతవలె, రెండవవాడు పిసినారివలె కనబడుదురు. లెక్క ముగిసిననాడు గాని జమ ఎవరిదో, ఖర్చు ఎవరిదో తెలియదు.

ఈ గ్రంథాలయము సైతము ఎరువిచ్చు చోటే. ఇచ్చట చందాదారునకు ఏ పుస్తకమును సొంతముగ నీయరు. గడువు వ్రాసి యిత్తురు; గడువు దాటక తెమ్మందురు. కాని పుస్తకము బల్లమీద తిరిగి పెట్టి యింటికి పోవువానియొద్ద చదివినది చదివినట్లే యుండును. దానిని ఆర్పుటకు గ్రంథపాలకుని చేత స్విచ్చి లేదు, ఏ కోటీశ్వరుని చేతను లేదు. ఇరువదియైదేండ్లుగా ఈ బీరువాల నుండి వెళ్లినవన్నియు అట్టి ఎరువులే. కనుక తల్లిదండ్రులు పిల్లల చేతికి ఏ కొత్తవస్తువు నిచ్చినను, ఏ సంస్థవారు ఉచితమని ఏది చూపినను, దాని స్విచ్చి ఎవరి చేతనున్నదో ముందుగ విచారింతురు గాక. పిల్లలు ఎగురుటతోబాటు దిగుటయు నేర్తురు గాక. గ్రంథాలయము దినదినాభివృద్ధి నొంది స్వర్ణోత్సవము జరుపుకొనుగాక!

స్వస్తి.