గోడ మీద పాఠాలు



2020 మార్చిలో బడులు మూతపడ్డాక టీచర్లు రాత్రికి రాత్రే కొత్త పని నేర్చుకోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి సుద్దముక్క పట్టినవారు ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి పాఠాలు రికార్డు చేశారు. జూమ్, గూగుల్ మీట్ కొందరికి సొంత పిల్లలే నేర్పారు. డేటా ఖర్చు చాలామంది తమ జేబులోంచే పెట్టుకున్నారు. ఈ శ్రమను మనం గౌరవించాలి. అయితే ఆ పాఠం ఎవరి ఇంటికి చేరింది?

షోలాపూర్‌ని చూద్దాం. తరాల క్రితం మగ్గాన్ని నమ్ముకొని మన తెలుగు పద్మశాలీలు వెళ్లి స్థిరపడిన ఊరు. అక్కడి నీలంనగర్‌లో బట్టల మిల్లు కార్మికుల కుటుంబాలు ఎక్కువ. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితోపాటు పనికి వెళ్లిపోతే బిడ్డ ఏం చదువుతుంది? అక్కడి ఆశా మరాఠీ విద్యాలయం టీచర్లు ఆన్‌లైన్‌నే నమ్ముకొని కూర్చోలేదు. సుమారు 300 ఇళ్ల గోడల మీద అక్షరాలు, వ్యాకరణం, లెక్కల సూత్రాలు రంగులతో రాయించారు. పిల్లలు ఎడంగా నిలబడి చదువుకున్నారు. గోడకు నెట్‌వర్క్ అక్కర్లేదు కదా!

ప్రైవేటు బడుల టీచర్ల సంగతి వేరు. జీతాలు ఆగి కూలికి పోయినవారున్నారు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యం ప్రకటించింది. మంచిదే, కానీ 2000తో అద్దె కట్టాలా, మందులు కొనాలా?

యౌవనులారా, మేము అడిగేది ఒక్కటే. ఆ రోజుల్లో బడి మానేసి మళ్లీ వెళ్లని పిల్లల పేర్లు మీ వీధిలో రాసుకురండి. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ జాబితాతోనే టీచర్ల దగ్గరికి వెళ్దాం.