గేదె దగ్గర రెండో చెయ్యి

(సభ్య సంఘాల మహిళా ప్రతినిధుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఇల్లు, చదువు, స్త్రీల ఉద్యమం - ఈ మూడింటినీ ఒక మనిషి ఎట్లా నెట్టుకురావాలన్న విషయం మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. పాల సంఘంలో ఈ మాటలెందుకని కొందరికి తోచవచ్చు. స్త్రీవాదమంటే పట్నం సంగతి అనిపించవచ్చు. కాని గేదెను సాకేది నేనైనప్పుడు సభ్యత్వం నా పేర ఎందుకు లేదని అడిగే ఆడమనిషి మన పల్లెల్లోనే ఉంది. పాల బిల్లు నా చేతికి రావాలని, సర్వసభ్య సమావేశంలో నా మాట కూడా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలని ఆమె కోరుతున్నది. పేరు ఏదైనా ఉద్యమం అదే.

ఆమెకు లేనిది ధైర్యం కాదు, తీరిక.

2019లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మనుషులు రోజును ఎట్లా గడుపుతున్నారో సర్వే చేయించింది. జీతం లేని ఇంటి పని చేసేవారు ఆడవారిలో నూటికి 81 మంది అయితే, మగవారిలో 26 మందే. ఆ పని చేసిన ఆడవారికి రోజుకు సగటున 299 నిమిషాలు పట్టింది, మగవారికి 97 నిమిషాలు. అంటే ఆమెకు దాదాపు 5 గంటలు వంటకు, అంట్లకు, బట్టలకు, ఊడ్పులకే సరి. కుడితి పెట్టడం, మేత కోయడం, పేడ ఎత్తడం, రెండు పూటలా పితకడం ఈ లెక్కలో చేరలేదు. ఇంత పని మోసే మనిషిని పట్టుకుని "మీటింగుకు ఎందుకు రాలేదమ్మా?" అని అడగడం సులువు. ఆ వేళకు ఇంట్లో ఆమె పని ఎవరు చేస్తారని అడిగినవారు తక్కువ.

తీరిక దొరికితే మన స్త్రీలు ఏం చేయగలరో నెల్లూరు జిల్లా చూపించింది. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలి చేసి, రాత్రి ఇంటి పని ముగించుకుని ఆడవారు చదువుల కేంద్రానికి వచ్చేవారు. వాచకంలో సారా వల్ల కొంపలు కూలే సంగతి పాఠంగా వచ్చింది. పాఠం చదివినవారు అక్కడితో ఊరుకోలేదు. దూబగుంటలో రోశమ్మ మొదలైనవారు ముందుకు వచ్చి సారా దుకాణం మూయించారు. 1992లో ఈ ఉద్యమం జిల్లా అంతా పాకి, వేలంపాటలను అడ్డుకునే దాకా వెళ్ళింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధమైంది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చింది. కాని 1997లో దాన్ని సడలించారు. గెలవడానికి ఎంత కూడిక కావాలో, గెలిచినదాన్ని నిలుపుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం కూడి ఉండాలి. ఒక్క రాత్రి నిద్ర మానుకుంటే సరిపోదు.

చదువు సంగతికి వస్తే దుర్గాబాయమ్మగారిని తలచుకోవాలి. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఉప్పు సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్ళి వచ్చిన తరువాత, ఆగిన చదువును మళ్ళీ మొదలుపెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే ఆడపిల్లలకు హాస్టలు లేదన్నారు. ఆమె తన ప్రాప్తం ఇంతేనని తిరిగి రాలేదు. చదువుకోగోరే ఆడపిల్లలు రావలసిందని పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవారితో హాస్టలు నడిపారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు అధ్యక్షురాలిగా ఉండగా, మధ్యలో బడి మానిన స్త్రీలు తక్కువ కాలంలో చదువు పూర్తి చేసుకునే తరగతులు 1958లో ప్రారంభింపజేశారు. ఏర్పాటు లేనిచోట తానే ఏర్పాటు చేయడం, ఆ ఏర్పాటు పదిమందికి పనికివచ్చేలా చూడడం ఆమె పద్ధతి.

ఇక మన కొట్టంలోకి వద్దాం. గేదె ఒక చేతికి అలవాటు పడితే మరొకరికి చేపదని మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే సాయంత్రం మీటింగు అంటే ఆమె లేచిపోతుంది. పాలు తగ్గితే మాట పడేది ఆమే. ఒకవేళ ఆమె మీటింగులో కూర్చున్నదీ అంటే, ఇంటి దగ్గర ఆ పని సాధారణంగా ఎవరిమీద పడుతుంది? పెద్ద కూతురి మీద, లేదా ముసలి అత్తగారి మీద. కూతురు పుస్తకం మూసి చెంబు పట్టుకుంటుంది. తల్లి హక్కుకు కూతురి చదువు ఖరీదు కడితే, మనం సాధించినది ఏమీ లేదు. ఇల్లూ ఉద్యమమూ సమర్థించుకోవడం ఆడదాని నేర్పు అని మెచ్చుకుంటాం. ఆ నేర్పు వెనక మరో ఆడపిల్ల ఉన్నదేమో చూడాలి.

కనుక సంఘాలకు నా మనవి ఇది. మీటింగులు పగటి పూట, రెండు పితుకుళ్ళకు మధ్య పెట్టండి. నెలకు ఒక తేదీ ఖాయం చేసి పాల కేంద్రం గోడమీద రాయండి. పశువును సాకే స్త్రీ పేర సభ్యత్వం, ఆమె ఖాతాకే పాల బిల్లు పోవాలని తీర్మానం చేయండి. శిక్షణ కోసం దూరపు ఊళ్ళలో నాలుగు రోజులు ఉండమంటే పసిబిడ్డ తల్లి రాలేదు. ఊళ్ళోనే రోజుకు రెండు గంటలు చెప్పించండి.

సోదరులకు ఒక మాట. వారానికి రెండు పూటలైనా మీరూ, మీ కొడుకులూ గేదె దగ్గర కూర్చోండి. మొదట ఆమె పక్కన ఉండగా పితకండి, కుడితి మీరే పెట్టండి. మెల్లగా మీ చేతికీ చేపుతుంది. అలవాటు పడవలసింది గేదె ఒక్కటే కాదు.

ఇదంతా కాని పని అనుకోవద్దు. పూర్వపు కరీంనగర్ జిల్లా ములుకనూరులో పొదుపు సంఘాలలో కూడిన స్త్రీలు 2002లో పాల డెయిరీ పెట్టారు. సభ్యులూ స్త్రీలే, పాలకవర్గమూ స్త్రీలే. వారి ఇళ్ళలోనూ పొయ్యి ఉంది, పిల్లలున్నారు, పశువులున్నాయి.

సోదరీమణులారా, మీరు వచ్చే సమావేశంలో లేచి, మొదట మీటింగు వేళ మార్చమని అడగండి. తక్కినవి అడగడానికి ఆ వేళ చిక్కుతుంది.