తెర మీది పాఠం, నోటి మాట



బడులు మూతబడిన 2020లో, సెప్టెంబర్ 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ఇండ్లలోకి వచ్చినవి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పిల్లలు కూడా తెర ముందు కూర్చున్నారు. కాని మా ఉర్దూ మీడియం పిల్లలు ఇంగ్లీషు విన్నారేగాని నోరు విప్పలేదు. తెర ప్రశ్న అడుగుతుంది, జవాబు వినదు గదా!

అందుకని ఇప్పుడు తరగతిలో వీడియో రెండు నిమిషాలు నడిపి ఆపుతాను. ఆ సంభాషణనే ఇద్దరు పిల్లలు ఎదురెదురుగా నిలబడి చెప్పాలె. 'ఇస్కూల్' అన్నా ఎవరూ నవ్వకూడదు. 'స్కూల్' అని మళ్ళీ పలికించాలె. ఆర్నెల్లు మౌనంగా ఉన్న అమ్మాయి ఒకనాడు తానే "సర్, వన్స్ మోర్ ప్లీజ్" అన్నది.

తల్లిదండ్రులారా, ఫోను చేతికిచ్చి ఊరుకోకండి. మీకు ఇంగ్లీషు రాకున్నా ఫర్వాలేదు. పక్కన కూర్చొని "నువ్వు చెప్పు బేటా, వింటా" అనండి. వినే మనిషి ఉంటేనే మాట వస్తుంది.