కూజా నేర్పిన రంగుల పాఠం



మధ్యాహ్నం భోజనాలయ్యాయి, వంటిల్లు సర్దుకున్నారు, ఒక గంటో గంటన్నరో మీకంటూ తీరిక దొరికింది అనుకుందాం. ఆ సమయంలో ఒక్కసారి అటక మీదికి చూపు సారించండి. ఖాళీ అయిన పచ్చడి సీసాలు, బిస్కెట్ల డబ్బాలు, ఎప్పుడో దీపావళికి కొన్న మట్టి ప్రమిదలు, రంగు వెలిసిన పీట - పారేయటానికి మనసొప్పదు, వాడుకోవటానికి పనికిరావు. వీటిమీద నాలుగు రంగులు వేసి ముందుగదిలో పెట్టుకుంటే ఎంత ముచ్చటగా వుంటుందో అని మీకూ అనిపించే వుంటుంది. అందుకే ఈ రోజు అక్రిలిక్ రంగుల గురించి మీతో ముచ్చటిద్దామని వచ్చాను.

అయితే ముందే చెప్పేస్తున్నాను. నేను రంగులు వేయటం ఏ బళ్లోనూ నేర్చుకోలేదు. పదో తరగతితో చదువు ఆపేసి, సంసారంలో పడి, పిల్లలు బడికి వెళ్లాక దొరికిన తీరికలో నేర్చుకున్నాను. సరిగా చేసి నేర్చుకున్నదానికన్నా, చెడగొట్టి నేర్చుకున్నదే ఎక్కువ. అందులో అన్నిటికన్నా పెద్ద పొరపాటు సంగతి మొదట చెబుతాను. అది వింటే మిగిలినదంతా మీకు సులువుగా అర్థమవుతుంది.

రెండేళ్ల క్రితం మాట. ఉగాదికి ముందు పన్నెండు మట్టి కూజాలు కొన్నాను. ఒక్కొక్కటి నూట ఇరవై రూపాయలు. పైనుంచి కిందిదాకా నీలం, ఆకుపచ్చ రంగులు రెండేసి పూతలు వేశాను. వాటిమీద తెల్లటి ముగ్గులు, మామిడి పిందెలు తీర్చాను. చివర మెరుపు కోసం వార్నిష్ కూడా పూశాను. చూసినవాళ్లంతా ముచ్చటపడ్డారు. మా అపార్టుమెంట్లో పదిమంది ఒక్కొక్కటి మూడువందల యాభైకి కొనుక్కున్నారు. నా చేతి సంపాదన అంటూ అదే మొదటిసారి. మూడువేల అయిదువందలు! ఆ నోట్లు పోపులడబ్బాలో దాచుకుని, రోజుకోసారి చూసుకునేదాన్ని. నవ్వుకుంటున్నారు కదూ?

రోళ్లు పగిలే రోహిణి కార్తె వచ్చింది. పక్కింటి పిన్నిగారు ఓ మధ్యాహ్నం కూజా చంకనెట్టుకుని వచ్చారు. "అమ్మాయ్, నీ కూజా చూడటానికి పెళ్లికూతురిలా వుంది గానీ, నీళ్లు మాత్రం కుళాయి నీళ్లలాగే వున్నాయి. రాత్రంతా పెట్టినా చల్లబడలేదే!" అన్నారు. నేను తెల్లబోయాను. మా అత్తగారు కూజాను చేత్తో తడిమి చూసి, "చెమర్చని కుండ చల్లబడుతుందిటే? దాని వొళ్లంతా రంగుతో మూసేశావుగా!" అన్నారు.

నిజమే మరి. మట్టికుండకు కంటికి కనిపించని సన్నని రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీళ్లు కొద్దికొద్దిగా పైకి వూరి, ఆవిరై పోతాయి. ఆవిరి కావటానికి వేడి కావాలి కదా, ఆ వేడిని కుండనుంచీ లోపలి నీళ్లనుంచీ లాక్కుంటాయి. అందువల్లే నీళ్లు చల్లబడతాయి. నా రంగు ఆ దారి మూసేసింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మావారేమో, "పోనీలే, అందంగా వున్నాయి కదా, ఎవరూ అడగరు" అన్నారు. కానీ పొద్దున లేస్తే లిఫ్టులో కనబడేది ఆ పదిమందే. మొహం ఎలా చెల్లుతుంది? మర్నాడు పది గుమ్మాలూ ఎక్కి, జరిగింది చెప్పి, డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఏడుగురు తీసుకున్నారు. ముగ్గురు డబ్బు వద్దన్నారు. వాళ్లకు మళ్లీ కూజాలు కొని, ఈసారి మెడ దగ్గర మాత్రం, నీళ్లు అందని చోట, సన్నని పట్టీలా రంగులు వేసి ఇచ్చాను. బొజ్జ అంతా మట్టి మట్టిగానే వదిలేశాను. అవి చక్కగా చల్లబడ్డాయి. పాతవి ఎండుపూలు పెట్టుకునే పూలకుండీలయ్యాయి.

ఆ దెబ్బతో ఒకటి తెలుసుకున్నాను. "దీనిమీద ఏ బొమ్మ వేద్దాం?" అని కాదు, "ఈ వస్తువు దేనికి వాడతాం? దీనికి ఈ రంగు పడుతుందా?" అని మొదట అడగాలి. అందుకు ఆ రంగు స్వభావం తెలియాలి.

అక్రిలిక్ అంటే ఒక విధమైన ప్లాస్టిక్కే. దాని సన్నని రేణువులు నీళ్లలో కలిసి పాలలా వుంటాయి. అందులో రంగుపొడి కలుపుతారు. చిత్రకారుల కోసం నీటితో కలిపే అక్రిలిక్ రంగులు 1955లో అమెరికాలో లిక్విటెక్స్ పేరుతో వచ్చాయి. ఇప్పుడు మన వూళ్లో పుస్తకాల షాపుల్లో కూడా చిన్న సీసాల్లో దొరుకుతున్నాయి. తడిగా వున్నంతసేపూ నీళ్లతో కడిగితే పోతుంది. నీరు ఆరిపోగానే రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పలచని పొర కడతాయి. ఇక ఎంత నీళ్లు పోసినా కరగదు. ఎనామిల్ రంగులకు మల్లే టర్పెంటైన్ అక్కర్లేదు, వాసన తక్కువ, మామూలుగా అరగంటలో పైపైన ఆరిపోతుంది. అంచేత మన ఇళ్లలో వాడుకోవటానికి అనువైనది.

ఇక తయారీ సంగతి. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టమీద నేరుగా బొమ్మ వేయరు. ముందు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి, బట్టను గట్టి చేసుకుని ఆ తర్వాతే రంగు ముట్టుకుంటారు. మనమూ అంతే. అడుగుపూత సరిగా లేకపోతే పై రంగు నిలవదు.

మట్టి వస్తువయితే దుమ్ము తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ఎండలో బాగా ఆరనివ్వండి. తర్వాత గోడలకు వేసే వాటర్ ప్రైమర్ ఒక పూత వేయండి. లేకపోతే మట్టి మొదటి రెండు పూతల రంగునూ తాగేస్తుంది. మొక్కల కుండీలయితే లోపలి తడి బయటికి వూరి, కొన్నాళ్లకు రంగు పొక్కులు లేస్తుంది. వాటికి లోపల ప్లాస్టిక్ కుండీలో మొక్క పెట్టుకోండి, లేదా పై అంచుకు మాత్రం రంగు వేయండి.

గాజు సీసాలయితే వేడినీళ్లలో నానబెట్టి కాగితం తీసేయండి. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాస్తే వూడుతుంది. ఆ నూనె జిడ్డు మాత్రం సబ్బుతో పూర్తిగా పోవాలి, తుడిచాక వేళ్లు కూడా తగలనివ్వకండి. గాజు నున్నగా వుంటుంది కనుక మొదటి పూత కుంచెతో లాగితే చారలు పడుతుంది. స్పాంజి ముక్కతో అద్దండి, ఆరాక మళ్లీ అద్దండి. రేకు డబ్బాలకు తుప్పు రుద్దేసి, లోహానికి వేసే ప్రైమర్ వేసుకోవాలి.

ఇప్పుడు పనితనం. ఖరీదైన సామగ్రి అక్కర్లేదు, ఇంట్లో వున్నవే చాలు.

మొదటిది చుక్కలు. మనకు ముగ్గు చేతికి వచ్చిన విద్య కదా, ఇది ఇట్టే పట్టుబడుతుంది. కుంచె వెనకభాగం, అగ్గిపుల్ల, గుండుసూది తల - ఒక్కొక్కటి ఒక్కో సైజు చుక్క పెడుతుంది. రంగు చిక్కని మజ్జిగలా వుండాలి. ఒకసారి ముంచి వరసగా పెడుతూ పోతే చుక్కలు పెద్దవి నుంచి చిన్నవి అవుతూ వస్తాయి. అన్నీ సమంగా కావాలంటే ప్రతి చుక్కకూ ముంచాలి.

రెండవది అచ్చులు. బీరువాలో పాత ఎక్స్‌రే ఫిల్ములుంటాయి చూడండి, వాటిమీద మామిడి పిందెనో హంసనో గీసి బ్లేడుతో కత్తిరిస్తే చాలాకాలం వుండే అచ్చు తయారు. దాన్ని టేపుతో అంటించి, స్పాంజికి రంగు అద్ది, ముందు పాత పేపరుమీద వొత్తేసి, దాదాపు పొడిగా అయ్యాక నిలువుగా తట్టండి. పక్కకు రుద్దితే రంగు అచ్చు కిందికి పాకుతుంది. ఎక్కువమంది ఇక్కడే తొందరపడతారు.

మూడవది పొడికుంచె. నల్లరంగు వేసిన రేకు డబ్బామీద, చిత్రాలు వుబ్బెత్తుగా వుంటే, కుంచెకు కాస్త బంగారు రంగు అద్ది, పేపరుమీద తుడిచేసి, పైపైన ఆడించండి. ఎత్తుగా వున్న చోట్ల మాత్రమే రంగు పట్టి, పాత ఇత్తడి వస్తువులా కనిపిస్తుంది.

నాలుగవది బీటలు. ఇది చూసినవాళ్లు ఎలా చేశావని అడక్కుండా వుండరు. ముందు ముదురు రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. దానిమీద ఫెవికాల్ వంటి తెల్లజిగురు పూయండి. వేలు పెడితే అతుక్కోవాలి, కానీ జిగురు వేలికి రాకూడదు - అదీ అదను. అప్పుడు లేతరంగు ఒకే వూపులో పూయండి. పూసినచోట మళ్లీ కుంచె పెట్టకండి. కాసేపటికి పై రంగు బీటలు వారి, కింది ముదురు రంగు కనబడుతుంది. జిగురు మందంగా వుంటే బీటలు వెడల్పుగా, పలచగా వుంటే సన్నగా వస్తాయి. మొదట అట్టముక్కమీద చేసి చూసుకోవటం మంచిది.

పనిలో మరికొన్ని మెళకువలు. ఫ్యాను కింద కూర్చుంటే పళ్లెంలో రంగు గట్టిపడిపోతుంది, కొద్దికొద్దిగానే పోసుకుని పైన తడిబట్ట కప్పండి. రంగు ఆరాక ఒకింత ముదురుగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. కుంచెలు నీళ్ల గ్లాసులో నిలబెట్టి మరచిపోకండి, వెంట్రుకలు వంకరపోతాయి. పని ఆపగానే నీళ్లతో, సబ్బుతో కడిగి పడుకోబెట్టి ఆరనివ్వండి. చీరమీద పడితే "తర్వాత చూద్దాం" అనకండి, ఆరితే వదలదు. కుంచెలు కడిగిన నీళ్లు మొక్కలకు పోయకండి.

ఎండాకాలంలో ఇంకో చిక్కు వుంది. వేడికి ఈ పొర కాస్త మెత్తబడుతుంది. రంగు వేసిన రెండు వస్తువుల్ని ఆనించి పెడితే అతుక్కుపోతాయి. న్యూస్‌పేపరు చుడితే అచ్చక్షరాలతో సహా అంటుకుంటుంది. బటర్ పేపరు వాడండి. కొన్ని రోజులు విడిగా ఆరనిచ్చాకే ఎవరికయినా ఇవ్వండి.

ఇక ముఖ్యమైన జాగ్రత్తలు. ప్రమిదలకు బయటివైపే రంగు వేయండి. లోపలా, వత్తి ఆనే అంచునా వేయకండి. ప్లాస్టిక్ కదా, మంట తగిలితే కాలుతుంది. తినే పళ్లేలకు, తాగే గ్లాసులకు లోపలివైపు, పెదవి తగిలే అంచున అసలే వద్దు. విషం లేదని సీసామీద రాసి వున్నా అది తినే వస్తువు కాదు.

పాత వుయ్యాల, పిల్లల బొమ్మలు బాగుచేయబోయి వాటి పాత రంగును గరుకు కాగితంతో రుద్దకండి. పాతకాలపు రంగుల్లో సీసం ఎక్కువగా వుండే అవకాశం వుంది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. రుద్దితే లేచే ఆ పొడి పసిపిల్లల మెదడుకు చేటు. అన్నట్టు, ఏటికొప్పాక లక్కబొమ్మలు వెలిసిపోయాయని వాటిమీద కూడా అక్రిలిక్ పూయకండి. లక్కతో వచ్చిన ఆ నునుపు పోతే మళ్లీ రాదు. మెత్తని పొడిబట్టతో తుడిచి అలాగే వుంచుకోండి.

ఈ ఏడు ఉగాదికి మళ్లీ కూజాలు చేశాను. ఎనిమిది చేస్తే ఎనిమిదీ వెళ్లిపోయాయి. మొదట కొన్నది ఎవరనుకున్నారు? పక్కింటి పిన్నిగారే! ఇప్పుడు నేను ప్రతి వస్తువుకూ ఒక చిన్న చీటీ కడుతున్నాను. "నీళ్లకు వాడవచ్చు, మెడమీది రంగు తడిగుడ్డతో తుడవండి" అనో, "అలంకరణకు మాత్రమే, నీళ్లు పోయవద్దు" అనో మా అమ్మాయి గుండ్రని అక్షరాలతో రాసిపెడుతుంది. మీరూ ఎవరికయినా కానుకగా ఇచ్చేటప్పుడు అలాంటి చీటీ ఒకటి కట్టండి. తీసుకున్నవాళ్లకు సందేహం వుండదు, లిఫ్టులో ఎదురయితే మీకు మొహం చాటేసే పనీ వుండదు.

మరి ఈ మధ్యాహ్నం అటక మీదనుంచి ఏం దింపుతున్నారు? మొదటిసారి కనుక ఒక్క సీసాతో, రెండు రంగులతో మొదలుపెట్టండి.