పద్దు విడదీసి చూడాలి
(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. నేను ఆర్థికవేత్తను కాను. ముప్పై మూడేళ్లు అకౌంట్స్ సెక్షన్‌లో బిల్లులు రాసినవాణ్ణి. అందుకని నాకు తెలిసిన పద్దుల భాషలోనే నాలుగు మాటలు చెబుతాను.

పోయిన నెల మన సభ్యులొకరు నన్నడిగారు: "మా అబ్బాయి కంప్యూటర్ చిప్‌ల వ్యాపారానికి తిరుగులేదంటున్నాడు. గ్రాట్యుటీలో మిగిలింది అందులో పెట్టమంటారా?" అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వెళ్లి, మనవడి సాయంతో అమెరికాలోని ఇంటెల్ కంపెనీ లెక్కలు చదివాను. 1968లో పుట్టిన కంపెనీ అది. మన పిల్లల కంప్యూటర్లలో చాలావాటిలో ఉండేది వాళ్ల చిప్పే.

చిప్ గీయడం, తయారు చేయడం, అమ్మడం ఆ కంపెనీ చాలాకాలం ఉమ్మడి కాపురంలా నడిపింది. ఫ్యాక్టరీల ఖర్చు అమ్మకపు విభాగాల లెక్కల్లో కలిసిపోయేది. 2024 ఏప్రిల్‌లో ఫ్యాక్టరీలను "ఇంటెల్ ఫౌండ్రీ" పేరుతో వేరు పద్దుగా చూపి, పాత ఏళ్ల లెక్కలను కూడా అదే పద్ధతిలో తిరగరాసి బయటపెట్టింది. ఆ విభాగం అంకెలు చూడండి.

2022లో ఆదాయం సుమారు 2,750 కోట్ల డాలర్లు, నిర్వహణ నష్టం 520 కోట్లు.
2023లో ఆదాయం 1,890 కోట్లు, నష్టం 700 కోట్లు.
2024లో ఆదాయం 1,750 కోట్లు, నష్టం 1,340 కోట్లు.

నిర్వహణ నష్టమంటే వడ్డీలు, పన్నుల దాకా పోకుండానే పని నడపడంలో వచ్చిన నష్టం. 2024లో నూరు వస్తే నూట డెబ్బై ఆరు ఖర్చయిందన్నమాట. అదే ఏడాది ఆ కంపెనీలోనే పర్సనల్ కంప్యూటర్ల చిప్‌ల విభాగం సుమారు 3,030 కోట్ల ఆదాయం మీద 1,090 కోట్ల నిర్వహణ లాభం చూపింది. ఒకే ఇంట్లో ఒక కొడుకు తెస్తున్నాడు, ఇంకొక కొడుకు ఖర్చు పెడుతున్నాడు. మొత్తం కూడిక చూసేవాడికి ఇది కనబడదు.

ఇంకో సంగతి ఉంది. 2023లో ఫౌండ్రీకి వచ్చిన 1,890 కోట్లలో బయటివాళ్లు ఇచ్చింది సుమారు 95 కోట్లే. మిగిలిందంతా సొంత విభాగాలకు వేసిన బిల్లు. ఇది మనకు కొత్త కాదు. మా శాఖలో వర్క్‌షాపు ఉండేది. వేరే డివిజన్ల జీపులు బాగుచేసి బిల్లు పంపేది. పైసా చేతులు మారదు, అంతా బుక్ అడ్జస్ట్‌మెంట్. అందుకే కంపెనీ మొత్తం ఆదాయం కట్టేటప్పుడు ఈ లోపలి బిల్లులను తీసివేస్తారు. లేకపోతే ఒకే సొమ్ము రెండుసార్లు లెక్కకొస్తుంది.

అయితే నష్టం అంకె చూసి కొట్టిపారేయడమూ తప్పే. ఫ్యాక్టరీ కట్టిన ఖర్చు తరుగుదలగా ఏళ్ల తరబడి లెక్కలోకి వస్తుంది. 2024 మూడో త్రైమాసికంలో పాత యంత్రాల విలువ తగ్గించడం, తరుగుదలను ముందుకు జరపడం వల్లనే కంపెనీ సుమారు 310 కోట్ల డాలర్లు ఖర్చు రాసింది. ఆ డబ్బు అంతకుముందే పోయింది, కాగితం మీదికి అప్పుడొచ్చింది.

కాగితం మీది అంకె అని తేలిగ్గా తీసుకోవడానికీ లేదు. 2024 ఆగస్టులో పదిహేను వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని కంపెనీ ప్రకటించింది. 1992 నుంచి ఇస్తూ వచ్చిన డివిడెండును ఆ ఏడాది నాలుగో త్రైమాసికం నుంచి ఆపేసింది. దాన్నే నమ్ముకున్న ముసలివాడి పరిస్థితి మీరే ఊహించండి.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ దెబ్బ తిన్నవాణ్ణే. రిటైరయిన ఏడాది, కమ్యుటేషన్ సొమ్ములో అరవై వేలు ఒక కంపెనీ షేర్లలో పెట్టాను. పేరు అనవసరం. ఏటేటా అమ్మకాలు పెరుగుతున్నాయని మురిసిపోయాను. ఆ అమ్మకాల్లో సగానికి పైగా సొంత అనుబంధ సంస్థలకేనని తర్వాత తెలిసింది. బిల్లులు పాసు చేసిన చేతులివి! మా ఆవిడకు చెప్పడానికి ఆరు నెలలు పట్టింది.

కనుక ఆ మిత్రునికి నా జవాబు ఇది. ముందు మందులకు, ఆసుపత్రికి, మీ తరువాత మీ శ్రీమతి గారికి కావలసింది తీసి విడిగా ఉంచండి. దాన్ని ఎవరు చెప్పినా ముట్టుకోవద్దు. ఆ పైన మిగిలితే, ఏ కంపెనీ అయినా సరే, ఏ విభాగం తెస్తోంది, ఏ విభాగం తింటోంది, వచ్చే ఆదాయం బయటిదా ఇంట్లోదా అని చూసి నిర్ణయించుకోండి. నివేదిక పట్టుకొస్తే కలిసి చదువుదాం. మంగళవారాలు సాయంత్రం నేను సంఘం ఆఫీసులోనే ఉంటాను. కళ్లజోడు మరచిపోవద్దు.