థైరాయిడ్ గ్రంథి – అయొడిన్ ఉప్పు



మానవ శరీరమున కొన్ని గ్రంథులకు నాళములు లేవు. అవి తమ స్రావములను నేరుగా రక్తమునందే విడుచును. ఆ స్రావములే హార్మోనులు.

కంఠమునందలి థైరాయిడ్ గ్రంథి ఇట్టిది. దేహము శక్తిని వినియోగించు వేగమును, శిశువుల మెదడు ఎదుగుదలను దాని హార్మోను నడుపును. ఆ హార్మోను తయారగుటకు అయొడిన్ కావలెను. రక్తమున హార్మోను తగ్గినచో, మెదడు క్రిందనున్న పీయూష గ్రంథి అది గ్రహించి థైరాయిడ్‌ను తొందరపెట్టును. ముడిసరకు లేని గ్రంథి ఏమి చేయగలదు? ఉబ్బి గళగండమగును. గర్భిణికి అయొడిన్ మిక్కిలి కొరవడినచో బిడ్డకు మందబుద్ధి, చెవుడు సంభవింపవచ్చును.

శ్రీకాకుళమున జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామిగారు, సహచరులతో కలిసి 1956లో హిమాలయ ప్రాంతమగు కాంగ్రా లోయలో ఒక పరిశోధన ప్రారంభించిరి. రెండు మండలములకు అయొడిన్ చేర్చిన ఉప్పును, ఒక మండలమునకు సాధారణపు ఉప్పును పంచిరి. 1962 నాటికి అయొడిన్ ఉప్పు తిన్న బాలబాలికలలో గళగండము బాగుగా తగ్గెను. ఆ యేడే జాతీయ గళగండ నివారణ కార్యక్రమము ఆరంభమయ్యెను.

పెద్దలకు దినమునకు వలసిన అయొడిన్ 150 మైక్రోగ్రాములే. బరువున ఆవగింజలో పదియవ వంతైనను ఉండదు. ఉప్పు పొట్లముపై ‘అయొడిన్’ అను మాట చదివి కొనుట, తడి తగులకుండ మూతపెట్టి దాచుట – ఇంతమాత్రపు జాగ్రత్తతో రాబోవు తరము బుద్ధిబలము రక్షింపబడును.